హద్దురాయికి రోజుకో ఫోటో

ఆ కెమెరాను నేను మా చిన్నాయన మీద సాక్ష్యం కోసం కొన్నాను. పెళ్ళిళ్ళలో తీసుకోవడానికో, కొండకు పోయినప్పుడు గుర్తుగా ఉంటుందనో కాదు. నాయనకు తోడబుట్టిన తమ్ముడు దొంగ అని నలుగురి ముందర రుజువు చెయ్యడానికి. రెండువేల అయిదు ప్రాంతంలో, చిత్తూరు పక్కన మా ఊళ్ళో డిజిటల్ కెమెరా ఉన్న ఇల్లు మాదొక్కటే.

గొడవ మామిడితోట గురించి. తాత పోయేముందు తోటను ఇద్దరు కొడుకులకూ చెరిసగం పంచి, మధ్యలో గట్టు వేయించి, గట్టుకు తూర్పు కొసన ఒక హద్దురాయి పాతించాడు. ఆ రాయికి నాలుగడుగుల్లో ఒక తోతాపురి చెట్టుంది. తోట మొత్తంలో అంత కాపు కాసే చెట్టు ఇంకొకటి లేదు. అది మొదటినుంచీ తన వైపే ఉందని చిన్నాయన. కాదు, మా వైపు ఉండేదని నాయన. ఈ తగాదా పుట్టింది నాయన ఆసుపత్రి నుంచి వచ్చాకే. చక్కెర జబ్బు ముదిరి ఆ వానాకాలంలో ఆయన కుడికాలి బొటనవేలు తీసేశారు. తిరుపతిలో నెలరోజులు మంచం మీద ఉండి వచ్చాడు. వచ్చిన వారానికి కర్ర పట్టుకుని తోటకు పోయి, తిరిగొచ్చి వసారాలో కూలబడ్డాడు.

"నేను ఆసుపత్రిలో పడుంటే నా తమ్ముడు రాయిని జరిపినాడు. చెట్టు మనది. ఇప్పుడు వాని పక్కకు పోయిండాది" అన్నాడు.

మేం నమ్మాం. అమ్మ నమ్మింది, నేనూ నమ్మాను. నువ్వు చూశావా, ముందు రాయి ఎక్కడుండేదో నీకు కచ్చితంగా గుర్తుందా అని అడగాలని నాకు తోచనే లేదు. చిన్నాయన మా గుమ్మం ముందుకొచ్చి, లోపలికి కాలు పెట్టకుండానే జవాబు చెప్పాడు.

"యాడుండే రాయి ఆడనే ఉండాది. జబ్బుతో నీకు మతి పోయిండాదన్నా."

నన్ను చిన్నప్పుడు సైకిలు మీద కూర్చోబెట్టుకుని బడికి దింపిన మనిషి, మంచం పట్టి లేచిన అన్నను పిచ్చివాడన్నాడు. ఆ మాట నాలో దిగబడింది. అంతటితో రెండిళ్ళకూ రాకపోకలు ఆగిపోయాయి. ఆయన ఇల్లు మా ఎదురిల్లే.

నేను అప్పుడు చిత్తూరులో ఒక ప్రైవేటు బళ్ళో కంప్యూటరు పాఠాలు చెప్పేదాన్ని. ఒక శనివారం చెన్నైకి పోయి కెమెరా కొనుక్కొచ్చాను. వెండిరంగుది, అరచేతిలో పట్టేంత. నాయనకు చూపించి నా ఆలోచన చెప్పాను.

"రోజూ ఒకే చోట నిలబడి ఆ రాయిని ఫోటో తీస్తాను నాయనా. ఒకసారి జరిపినోడు మళ్ళీ జరపకుండా ఉండడు. జరిపితే దీంట్లో చిక్కుతాడు."

నాయన కెమెరాను అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆసుపత్రి నుంచి వచ్చాక ఆయన నవ్వడం అదే మొదలు.

దాన్ని నేను చూసుకున్నంత జాగ్రత్తగా ఇంట్లో ఇంకే వస్తువునూ చూసుకోలేదు. మామూలు పెన్సిల్ సెల్లులు వేస్తే ఇరవై ఫోటోలకే చచ్చిపోయేవి. అందుకని ఛార్జింగ్ సెల్లులు రెండు జతలు పెట్టుకుని, ఏ జతను ఆ జతగానే వాడేదాన్ని. సెల్లులు తీసి రెండ్రోజులు పక్కన పెడితే కెమెరా తేదీ మరిచిపోయేది. తేదీ లేని సాక్ష్యం ఎవడు ఒప్పుకుంటాడని, ఒక జత తీయగానే రెండో జత వేసేదాన్ని. మీట నొక్కితే లెన్సు గొట్టం లోపలినుంచి బయటికి జరుగుతుంది. ఆ సందులో ఇసుక రేణువు పడినా లోపలి చక్రాల పళ్ళు అరిగిపోతాయని కొన్నచోట చెప్పారు. తోటలో దుమ్ము. అందుకే దాన్ని నేల మీద పెట్టేదాన్ని కాదు, తాడు మణికట్టుకు తగిలించుకునే తీసేదాన్ని, తీసిన వెంటనే మీట నొక్కి ఆపేసేదాన్ని. ఇంటికొచ్చాక కళ్ళద్దాల గుడ్డతో తుడిచి, బూట్ల డబ్బాలో వచ్చే తెల్ల గుళికల పొట్లం వేసి, మూతున్న స్టీలు డబ్బాలో పెట్టి బీరువాలో ఉంచేదాన్ని. బడికి తీసుకుపోయేదాన్ని కాదు. బస్సులో తొక్కిడి ఎక్కువ.

పొద్దున ఆరున్నరకు తోటకు పోయేదాన్ని. గట్టు మీద ఒక చదును బండ చూసుకున్నాను. దాని మీద నిలబడితే ఫోటోలో రాయి, చెట్టు మొదలు, వెనక చిన్నాయన మోటారు గది మూడూ పడేవి. మొదటివారం చిన్నాయన ఏమీ అనలేదు. రెండోవారం ఒక పొద్దున పళ్ళు తోముకుంటూ ఎదురొచ్చాడు.

"ఏం తీస్తాండావు పాపా?"

"రాయిని."

"రాయిని తీసి ఏం చేస్తావు?"

"రోజూ తీస్తాను. ప్రతి ఫోటోకూ దీంట్లో నెంబరు పడతాది. ఒకటి చెరిపినా నెంబరు దాటిపోయి తెలిసిపోతాది. నువ్వు రాయి మీద చెయ్యేసిన రోజు మాకు తెలుస్తుంది."

ఆయన నోట్లో వేపపుల్ల అట్లాగే ఉండిపోయింది. పుల్ల తీసి పారేసి, పక్కకు ఉమ్మి వెళ్ళిపోయాడు. ఆ రోజు నుంచి ఆయన నోట నాకు పాపా అన్న పిలుపు పోయింది. ఏమ్మే అనడం మొదలైంది.

మరుసటి రోజు నేను పోయేసరికి రాయికి దూడ కట్టేసి ఉంది. దూడ వెనక రాయి కనబడలేదు. నేను బండ మీదే నిలబడి అది పక్కకు జరిగేదాకా అరగంట కాచుకున్నాను. బస్సు పోయింది. ఆ మరుసటి రోజు రాయికి నిండా పేడ మెత్తి ఉంది. పేడతోనే ఫోటో తీశాను. చిన్నమ్మ, అంటే చిన్నాయన భార్య, నేను తోటకు పోయేటప్పటికి సరిగ్గా వాకిలి ఊడ్చేది. చీపురు దుమ్ము నా మీదికే వచ్చేది. నేను కెమెరాను పైటకొంగులో చుట్టుకుని పోయేదాన్ని. ఒకనాడు బోరింగు దగ్గర నలుగురు ఆడవాళ్ళు ఉండగా నాకు వినబడేటట్టు అంది.

"తోటలో ఆడోళ్ళు పనులు చేసుకోవద్దా? పొద్దున్నే డబ్బా పట్టుకొచ్చి తీసేస్తాది. రేపు ఏ కంప్యూటర్లో పెడతాదో ఏమో."

బిందె కింద పెట్టి, "నీ ముఖం తీయడానికి నా కార్డులో జాగా లేదు సిన్నమ్మా" అన్నాను. ఆడవాళ్ళు నవ్వారు. ఆమె నవ్వలేదు. వయసులో పెద్దామెను, అందులో చిన్నమ్మను, అట్లా అన్నందుకు నాకు ఆ రోజు ఏ బాధా కలగలేదు. నిజం చెప్పాలంటే ఆ అయిదు నెలలూ నాకు హుషారుగానే ఉండేది. పొద్దున లేవగానే చిన్నాయన ఏం చేసి పెట్టాడో, దానికి నేనేం చెయ్యాలో అన్న ఆలోచనే. బళ్ళో పిల్లలకు పాఠం చెప్తూ కూడా అదే.

కానీ రాయి కదల్లేదు. పూత వచ్చింది, పిందె వచ్చింది, కాయ ముదిరింది. ఫోటోల్లో రాయి ఉన్నచోటే ఉంది. నాయన రోజూ సాయంత్రం కెమెరా అడిగి తీసుకుని, చిన్న తెర మీద ఒక్కొక్క ఫోటో వెనక్కు తిప్పి చూసేవాడు. ఏ మీట ఎందుకో నన్ను చూసి నేర్చుకున్నాడు. రానురాను ఆయనకు నా మీదే విసుగు వచ్చింది.

"అయిదు నెలలు తీస్తివి. వాడు చిక్కలేదు. వాడు చిక్కేలోపల కాయ కోసేస్తాడు" అన్నాడొక రోజు.

"చెయ్యకుండా ఉంటే ఎట్ల చిక్కుతాడు నాయనా?" అన్నాను. ఆ మాట అన్నప్పుడైనా నాకు అనుమానం రావాల్సింది.

ఒక బుధవారం చిన్నాయన కుటుంబమంతా పలమనేరులో పెళ్ళికి పోయింది. నేను సాయంత్రం బడి నుంచి వచ్చేసరికి నాయన వాకిట్లో నిలబడి ఉన్నాడు.

"జరిపినాడు. రాయి పీకి మన పక్కకు ఇంకా రెండడుగులు లోపల పెట్టినాడు. పెళ్ళికి పోతా పోతా చేసి పోయినాడు దొంగ నాకొడుకు. మధ్యాహ్నం చూసి నేనే ఫోటో తీసినాను."

నేను చెప్పులు కూడా విడవకుండా తోటకు పరుగెత్తాను. నిజమే. రాయి చెట్టుకు దూరంగా, మా వైపుకు వచ్చి ఉంది. చుట్టూ మన్ను కొత్తగా తొక్కి ఉంది. పొద్దున నేను తీసినప్పుడు పాత చోటనే ఉంది. చిక్కాడనుకున్నాను. నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

ఇంటికొచ్చి కెమెరా తీస్తే సెల్లులు చచ్చిపోయి ఉన్నాయి. నాయన ఆపెయ్యడం మరిచినట్టున్నాడు. రెండో జత వేసి మీట నొక్కాను. లెన్సు గొట్టం సగం వరకు వచ్చి, పళ్ళు కొరికినట్టు కరకరమని ఆగి, మళ్ళీ లోపలికి పోయింది. గొట్టం అంచున మన్ను ఉంది.

"దీన్ని కింద పెట్టినావా నాయనా?" అన్నాను కోపంగా.

"గట్టు మీద ఒక గడియ పెట్టినా. ఏం, కరిగిపోయిందా?"

లెన్సు తెరుచుకోకపోయినా తీసిన ఫోటోలు చూడొచ్చు. ఆ పూట కరెంటు లేదు, వంట పని ఉంది, మన్ను దులిపేసరికే నాకు విసుగు పుట్టింది. మరునాడు ఫోటోలుండే కార్డు మాత్రం తీసుకుని బడికి పోయి, కంప్యూటర్లో పెట్టాను. నూట నలభై ఆరు, నేను బుధవారం పొద్దున తీసింది. నూట నలభై ఎనిమిది, కొత్త చోట నిలబెట్టిన రాయి, నాయన తీసింది. మధ్యలో నూట నలభై ఏడు ఉంది. అది తియ్యాలని తీసింది కాదు. కెమెరాను గట్టు మీంచి ఎత్తుకునేటప్పుడు వేలు తగిలి పడింది. వంకరగా పడినా స్పష్టంగా ఉంది. గుంత. గుంత పక్కన పీకి పడేసిన హద్దురాయి. రాయి మీద గడ్డపార. గడ్డపారకు ఇవతల ఒక కుడిపాదం, బొటనవేలు లేనిది.

పిల్లలు వెనక బెంచీల్లో కీబోర్డులు టపటపలాడిస్తున్నారు. నేను ఆ ఫోటోను పెద్దది చేశాను, చిన్నది చేశాను. ఇంకేదైనా అర్థం వస్తుందేమోనని చాలాసేపు చూశాను. రాలేదు.

ఆ సాయంత్రం నాయన మంచం మీద కూర్చుని టీ తాగుతున్నాడు. అప్పటికే ఆయన ఊరి పెద్దల దగ్గరికి పోయి చెప్పి వచ్చాడు. ఆదివారం పంచాయితీ అన్నారట. నేను ఎదురుగా నిలబడి అడిగాను.

"రాయి నువ్వే పీకినావు గదా నాయనా."

ఆయన టీ గ్లాసు దించలేదు. "ఎవరు చెప్పినారు?"

"నీ కాలు పడిండాది ఫోటోలో."

అమ్మ వంటింటి గడపలో ఆగిపోయింది. నాయన గ్లాసు కింద పెట్టాడు. కాదంటాడనుకున్నాను. అనలేదు.

"వాడు ముందు జరిపింది నిజం. దానికి సాక్ష్యం లేదు. ఇప్పుడు నీ డబ్బాలో సాక్ష్యం ఉండాది. వాడు చేసిందే, నేను మళ్ళీ చేసి చూపించినాను. అంతే."

"అది సాక్ష్యమా? అయిదు నెలలు ఆయనతో, సిన్నమ్మతో ఎన్నేసి మాటలన్నాను నేను."

"అన్నావు. వాళ్ళకు తగినవే. ఆ కాలు ఫోటో తుడిచేయ్. మిగతావి చూపించు."

"నేను చూపించను."

"నా ఇంట్లో తింటా ఉండావు" అన్నాడు. నా జీతం ఇంట్లోకే వస్తున్న రోజులవి. అయినా ఆయన నోటి నుంచి ఆ మాట వచ్చింది. అమ్మ వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"తుడిచేయి పాపా. జబ్బు మనిషి. నలుగురిలో తల దించుకుంటే తట్టుకోలేడు."

ఆ రాత్రే తుడిచేశాను. కెమెరాలో చెత్తబుట్ట బొమ్మ నొక్కితే, చెరపమంటావా అని అడుగుతుంది. నూట నలభై ఏడు చెరిపాను. ఆ తర్వాత, ఎవరికీ చెప్పకుండా, నూట నలభై ఎనిమిది కూడా చెరిపాను. నాయన కాలును దాస్తాను గానీ చిన్నాయన మీద దొంగతనం వెయ్యనని, అప్పటికి నాకు తోచిన న్యాయం అది. పొద్దున కెమెరా పనిచేస్తుందో లేదో చూద్దామని మంచం మీద నుంచి గోడను తీశాను. ఆ రోజుకు లెన్సు ఎట్లాగో తెరుచుకుంది. దానికి నూట నలభై తొమ్మిది పడింది. అప్పుడు కూడా నేను చిన్నాయనకు గొప్పగా చెప్పిన మాట నాకు గుర్తు రాలేదు.

ఆదివారం, బళ్ళో పాఠాలు చెప్పి రిటైరైన ఒక అయ్యవారి ఇంట్లో పంచాయితీ పెట్టారు. ఆయన ఇంట్లో పెద్ద టీవీ ఉంది. కెమెరాతో వచ్చిన పసుపు వైరు టీవీకి తగిలిస్తే ఫోటోలు తెర మీద కనబడతాయి. అయిదుగురు పెద్దలు కుర్చీల్లో కూర్చున్నారు. నాయన ఒక గోడకు, చిన్నాయన ఎదుటి గోడకు. చిన్నమ్మ గుమ్మం బయట నిలబడింది. నేను మీట నొక్కుతూ పోయాను. రాయి, రాయి, దూడ, పేడ మెత్తిన రాయి. పెద్దల్లో ఒకాయన నవ్వాడు. చిన్నాయన నవ్వలేదు. నూట నలభై ఆరు వచ్చింది.

"బుధవారం పొద్దున తీసింది. రాయి పాత చోటనే ఉండాది. అక్కడే మళ్ళీ పాతేస్తే సరిపోతుంది" అని నేను వైరు పీకబోయాను.

"ఉండు" అన్నాడు నాయన. "నేను తీసింది చూపించలేదే? రాయి జరిపినంక తీసింది. తర్వాతది నొక్కు."

నేను కదల్లేదు. అయ్యవారు లేచి నా చేతిలో కెమెరా తీసుకుని ఆయనే నొక్కాడు. తెర మీద మా ఇంటి గోడ వచ్చింది. ఆయన కళ్ళద్దాలు సర్దుకుని టీవీ దగ్గరికి పోయి మూలన అంకె చదివాడు.

"ముందుది నూట నలభై ఆరు. దీని మీద నూట నలభై తొమ్మిది అని ఉండాదే. మధ్యలో రెండు ఏమైనాయి?"

చిన్నాయన గోడ మీంచి వీపు తీశాడు. "ఏమ్మే, చెరిపితే నెంబరు దాటిపోతాదని నువ్వే గదా చెప్పింది నాకు. ఎవరు చెరిపినారు?"

"నేనే చెరిపినాను."

"ఎందుకు?"

నాకు అబద్ధం రాలేదు. నిజమూ రాలేదు. నేల చూస్తూ నిలబడ్డాను. చిన్నాయన మళ్ళీ అడిగాడు, ఈసారి నెమ్మదిగా.

"దాంట్లో ఎవరుండారు?"

నేను తల ఎత్తితే చూడాల్సి వచ్చేది నాయనను. ఎత్తలేదు. కానీ కాసేపటికి గదిలో ఉన్నవాళ్ళందరూ ఆయన వైపే చూస్తున్నారని నాకు తెలిసింది. ఆయన కర్ర అందుకుని లేచాడు.

"కన్నకూతురే నాకు పగదైంది. ఇంక ఎవరితో ఏం పంచాయితీ" అని బయటికి నడిచాడు. గుమ్మం దగ్గర చిన్నమ్మ ఆయనకు దారి ఇవ్వడానికి కూడా జరగలేదు. ఆయనే ఒదిగి పోయాడు.

ఆ సాయంత్రమే రాయిని పాత చోట పాతించారు. నెల తిరక్కుండా చిన్నాయన దరఖాస్తు పెట్టి సర్వేయరును పిలిపించాడు. గొలుసు పట్టి కొలిస్తే తాత రాయి ఉన్నచోటే హద్దని తేలింది. చెట్టు చిన్నాయనది. మొదటినుంచీ ఆయనదే. అంటే నాయన మొదట చెప్పింది కూడా తప్పే. అబద్ధం చెప్పాడో, ఆసుపత్రి మంచం మీద అట్లా ఊహించుకుని నిజంగానే నమ్మాడో నాకు ఈనాటికీ తెలియదు. అడిగే వీలు లేకపోయింది. ఆయన నాతో ఏడాది పైగా మాట్లాడలేదు. నాకు చెప్పాల్సిందేదైనా అమ్మతో చెప్పేవాడు, నేను ఎదురుగా ఉండగానే. కెమెరా కొన్నాళ్ళకు పూర్తిగా బిగుసుకుపోయింది. తిరుపతిలో బాగుచేసేవాడు విప్పి చూసి, పళ్ళు అరిగిపోయాయి, పారేసుకోమన్నాడు.

సర్వే అయిన వారానికి నేను చిన్నాయన ఇంటికి పోయాను. పోవద్దని అమ్మ అంది. కొట్టంలో ఆయన బర్రెకు గడ్డి వేస్తున్నాడు. గేటు లోపలికి రమ్మనలేదు. బయటినుంచే చెప్పాను.

"సిన్నాయనా, నేను తప్పు చేసినాను. అయిదు నెలలు నిన్ను అనరాని మాటలన్నాను. సిన్నమ్మను కూడా."

ఆయన గడ్డి వేయడం ఆపలేదు. మోపు మొత్తం విప్పి, తొట్టిలో సర్ది, చేతులు దులుపుకున్నాక నా వైపు చూశాడు.

"ఊరంతా నన్ను దొంగను చూసినట్టు చూసినారు. అప్పుడు నువ్వు బండ మీద నిలబడి ఫోటో తీస్తాంటివి. తర్వాత నీ నాయన్ను కాపాడుకునేదానికి చెరిపేస్తివి. నెంబరు చూడకపోతే ఈపొద్దు నువ్వు ఈడికి వస్తావా?"

వచ్చేదాన్ని కాదనే ఇప్పటికీ అనుకుంటున్నాను.

"చెప్పాల్సింది చెప్పినావు గదా. ఇంక పో" అన్నాడు.

చిన్నమ్మ లోపలినుంచి వచ్చి నా ముఖం మీదే గేటు గడియ పెట్టింది. నేను వీధి దాటి ఇంటికి వచ్చేశాను. ఆ తర్వాత ఎనిమిదేళ్ళు ఆయన బతికాడు. అదే వీధిలో రోజూ ఎదురుపడేవాళ్ళం. నన్ను చూడగానే ఆయన తువ్వాలు భుజం మార్చుకుని, ముఖం పక్కకు తిప్పుకుని పోయేవాడు. నేను ఒక్కసారి కూడా మళ్ళీ పిలవలేదు.